పెద్ద లెక్కలు, చిన్న లెక్కలు

సోమవారం, 6

లాయరుతో ఇవాళ మళ్ళీ యుద్ధం. కన్నకూతురికి ఆ పేరు పెట్టింది నేనే కాబట్టి ఎవరినీ అనడానికి లేదు. పదిహేడేళ్ళకే ఇంత వాదన ఎక్కణ్ణుంచి వచ్చిందో! వాళ్ళ నాన్న చూస్తే ఫ్రిజ్‌లు బాగుచేసే మనిషి, ఫ్రిజ్‌తో తప్ప ఎవరితోనూ గట్టిగా మాట్లాడరు. నా పోలికేనని ఎవరైనా అంటే మాత్రం ఊరుకోను.

గొడవంతా ఒక్క విషయం మీదే. బడిలో ఆఖరి ఏడాది లెక్కలు రెండు రకాలు. పుస్తకాల మీద ఉన్నత గణితం, సాధారణ గణితం అని ఉంటుంది గానీ, నా రోజుల నుంచీ పిల్లలు పెద్ద లెక్కలు, చిన్న లెక్కలు అనే అంటారు. ఇది పెద్ద లెక్కలు తీసుకుంది. మొదటి పరీక్షలో యాభై రెండు వచ్చాయి. పక్కింటి పిల్లకి చిన్న లెక్కల్లో తొంభై నాలుగు. ప్రభుత్వ యూనివర్సిటీలో సీటు కావాలంటే మార్కులు కావాలా వద్దా? ఇరవై నాలుగో తారీఖు దాకా మారడానికి బడివాళ్ళు వీలిచ్చారు. మారవే తల్లీ అంటే మారదట. వంతెనలు కట్టాలట.

"ముందు సీటు తెచ్చుకో. వంతెనలు తర్వాత కడుదువు గాని" అన్నాను.

"చిన్న లెక్కలతో వంతెన కడితే, నువ్వు దాని మీద బస్సు నడుపుతావా అమ్మా?"

గరిటె సింకులో పడేసి డ్యూటీకి వచ్చేశాను.

మంగళవారం, 7

ఆఖరి స్టాపులో రాస్తున్నాను. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య ఇరవై రెండు నిమిషాలు నావి. పద్నాలుగేళ్ళుగా ఇదే రూటు, ఇదే ఆఖరి స్టాపు. ఎదురుగా యూనివర్సిటీ గేటు. కొన్ని వేలమంది పిల్లల్ని ఇక్కడ దింపాను. నేను మాత్రం ఆ గేటు దాటి ఒక్క అడుగు వెయ్యలేదు. లోపల నాకు పనేముంది గనక.

కండక్టరుకి నోరాగదు. పొద్దున్నే నా మొహం చూసి విషయమంతా లాగేశాడు. ఇక ట్రిప్పంతా టికెట్టు చింపడం, "యూనివర్సిటీలో సీటు రావాలంటే అన్నిటికన్నా ఏది ముఖ్యం సార్?" అని అడగడం. మధ్యాహ్నానికి లెక్క తేల్చాడు. మార్కులు అన్నవాళ్ళు ఇరవై ఆరుమంది. అప్లికేషనులో మన గురించి మనం రాసుకునే పేజీ అన్నవాళ్ళు పంతొమ్మిది. పెద్దమనుషులు ఇచ్చే సిఫారసు ఉత్తరం అన్నవాళ్ళు పదకొండు. ఆటల సర్టిఫికెట్టు ఆరు. అదృష్టం నలుగురు. ఒకాయన మాత్రం, నీ వాగుడు వల్ల నా స్టాపు దాటిపోయింది, నువ్వూ నీ యూనివర్సిటీ అని కేకలేశాడట.

"ఆయన్ని ఎందులో వెయ్యనక్కా?" అంటాడు వీడు.

మార్కులే గెలిచాయి! నేను చెప్పలా?

బుధవారం, 8

ఇది ఎవరూ చదవరు గనక రాసుకుంటున్నాను. నాకు పెద్ద లెక్కల్లో యాభై ఎనిమిది.

అక్కకి చిన్న లెక్కల్లో తొంభై ఒకటి. ఆ మార్కుల కాగితానికి నాన్న ఫ్రేము కట్టించి ముందుగదిలో పెట్టాడు. రెండేళ్ళ తర్వాత నాది వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు. భోజనాల దగ్గర బాబాయి మాత్రం "ఏం యాభై ఎనిమిదీ, ఇంకాస్త కూర వేసుకో" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పెళ్ళయి వచ్చేదాకా ఆ ఇంట్లో నా పేరు అదే. ఆ మొహం పెట్టుకుని ఏ యూనివర్సిటీకి అప్లికేషను పెట్టేది? పెట్టలేదు. దానికి నాకు బాధేం లేదు. బస్సంటే నాకు ప్రాణం.

దీనికి మాత్రం ఆ గతి పట్టనివ్వను.

గురువారం, 9

అసలు ఏది ముఖ్యమో బస్సులో వాళ్ళని అడగడమేమిటి, యూనివర్సిటీవాళ్ళనే అడిగితే పోలా అనిపించింది. గేటు దాటాను. అదేం పెద్ద విశేషం కాదు. విచారణ కిటికీ గేటుకి ఆ పక్కనే ఉంది. మొదటి ట్రిప్పులో నా ముందు ఎనిమిదిమంది, ఇరవై రెండు నిమిషాలు అయిపోయాయి. రెండో ట్రిప్పులో కిటికీవాడు భోజనానికి వెళ్ళాడు. మూడో ట్రిప్పులో దొరికాడు.

"అప్లికేషను నంబరు చెప్పండి."

"నంబరు లేదు బాబూ. ఊరికే ఒక్క మాట కనుక్కుందామని. మా అమ్మాయి సీటుకి..."

"నంబరు కొడితేగాని ఈ తెర మీద ఏమీ రాదమ్మా. పక్కకి జరగండి."

ఇంతలో బయట నుంచి హారను. టైమైందంటే వచ్చి పిలవచ్చు కదా, నా సీట్లో కూర్చుని హారను కొడతాడా కండక్టరు! వాణ్ణి తిట్టేసరికి కిటికీవాడి మీద కోపం కాస్త తగ్గింది.

నంబరు లేనిదే మాట లేదట. సరే, నంబరే కదా.

ఆదివారం, 12

ఉద్యోగాలు చేసుకునేవాళ్ళకి సాయంత్రం కోర్సులున్నాయి. అందులో నా పేరున అప్లికేషను మొదలుపెట్టాను. నంబరు కోసం. కోర్సు అన్నచోట సివిల్ ఇంజనీరింగు అని పెట్టాను. లాయరుకి కావాల్సింది అదే, కాబట్టి వాళ్ళు ఏం చెప్పినా దానికి పనికొస్తుంది. అంతకుమించి ఏం లేదు.

ఈయన వెనక నిలబడి చూస్తున్నారు. "ఎవరికోయ్ ఇది?"

"నంబరుకి."

"ఓహో" అన్నారు. ఆ 'ఓహో' నాకు నచ్చలేదు.

ఉద్యోగ అనుభవం ఎంత అని ఒక గడి ఉంది. 5,40,000 అని వేశాను. తప్పు చెప్పడం నాకు చేతకాదు, డిపోకి పోయి రిజిస్టరు చూసుకోమనండి. ఆ తర్వాత, మీ గురించి మీరు ఒక పేజీ రాయండి అని ఉంది. అది నింపకపోతే అప్లికేషను ముందుకి కదలదట. రేపు చూద్దాం.

సోమవారం, 13

పేజీ. నాలుగుసార్లు రాసి నాలుగుసార్లు చింపాను.

మంగళవారం, 14

పేజీ.

గురువారం, 16

రాశాను! పొద్దున అయిదున్నరకి బండి తీసేటప్పుడు ముందు టైర్లు తడిమి చూడటం దగ్గర మొదలుపెట్టి, వాన పడ్డ రోజు ఏ మలుపులో బ్రేకు ఎంత ముందు తొక్కాలో దాకా రాశాను. ఈయనకి వినిపిస్తే చేతిలో స్క్రూడ్రైవరు కిందపెట్టి విన్నారు. "బాగుంది. కానీ నీ గురించి ఎక్కడుంది?" అన్నారు. ఇదంతా ఎవరి గురించండీ మరి! అలిగి ఒక గంట మాట్లాడలేదు. తర్వాత చివర రెండు లైన్లు కలిపాను. ఏం కలిపానో ఇక్కడ కూడా రాయను.

పాత మార్కుల కాగితం ట్రంకుపెట్టె అడుగున దొరికింది. ఫోటో తీసి పంపించాను. నంబరు వచ్చింది.

శుక్రవారం, 17

నంబరుతో కిటికీ దగ్గరికి వెళ్ళాను. కొట్టాడు. "మీ అప్లికేషను పరిశీలనలో ఉంది. కబురొచ్చేదాకా ఆగాలి" అన్నాడు.

"నేనడిగేది నా గురించి కాదు బాబూ..."

"ఈ నంబరు మీది కాదా?"

నాదే. ఏం చెయ్యను?

అక్కకి ఫోను చేశాను. లాయరుకి నువ్వైనా నచ్చజెప్పు, నీ తొంభై ఒకటి చూపించి చెబితే వింటుంది అన్నాను. "నన్నందులోకి లాగకే. దాన్ని నచ్చింది చదువుకోనీ" అని పెట్టేసింది. గర్వం! తొంభైలు వచ్చినవాళ్ళకి మా బాధలేం తెలుస్తాయి?

ఆదివారం, 19

యుద్ధం ముగిసింది. లెక్కలు మారే కాగితం దాని ముందు పెట్టి, నా సంతకం ముందే చేసి, ఏమీ మాట్లాడకుండా కూర్చున్నాను. వాదిస్తుందని నాలుగు జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాను. వాదించలేదు. "నీ ఇష్టం అమ్మా" అని సంతకం పెట్టి గదిలోకి వెళ్ళిపోయింది. తలుపు కూడా మెల్లగానే వేసింది.

సోమవారం, 20

డ్యూటీకి వెళ్తూ బడి ఆఫీసులో కాగితం ఇచ్చేశాను. ఇవాళ్టి నుంచే చిన్న లెక్కల క్లాసులో కూర్చోబెడతామన్నారు. గెలిచాను. లాయరు పొద్దున ఏమీ తినలేదు. అయినా ఇప్పుడేడిస్తే ఏం, రేపు తనే నాకు దణ్ణం పెడుతుంది. గెలిచాను.

మంగళవారం, 21

ఇల్లంతా ఎంత ప్రశాంతంగా ఉందో. అసలేం బాగాలేదు.

యూనివర్సిటీ నుంచి ఫోను. అప్లికేషనులో ఏదో తేడా ఉందట, రేపు ఒరిజినల్ కాగితాలు తీసుకుని రమ్మన్నారు. మధ్యాహ్నం ట్రిప్పు తర్వాత వెళ్తాను. నంబరు గలవాళ్ళం కదా, ఇప్పుడైనా మాట్లాడతారేమో.

బుధవారం, 22

మొత్తం రాయాలి. ఒక్క ముక్క వదలకూడదు.

అడ్మిషన్ల గదిలో ఒక పెద్దావిడ. కళ్ళద్దాలు నెత్తి మీద పెట్టుకుని, వాటికోసం బల్లంతా వెతుకుతున్నారు. నేను చెబితే నవ్వి పెట్టుకుని, తెర వైపు చూసి, మళ్ళీ నా వైపు చూశారు.

"ఐదు లక్షల నలభై వేల ఏళ్ళ అనుభవం మీదేనా అమ్మా?"

"ఏళ్ళేమిటి మేడమ్? కిలోమీటర్లు!"

అనుభవమంటే ఆక్సిడెంటు లేకుండా ఎన్ని కిలోమీటర్లు తిప్పామన్నదే కదా. మా డిపోలో ఎవర్నడిగినా అలాగే చెబుతారు. ఏళ్ళదేముంది, బస్సు షెడ్డులో ఉన్నా ఏళ్ళు గడుస్తాయి. ఇదంతా చెప్పాను. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వి, పక్కగదిలో వాళ్ళని కూడా పిలిచి చెప్పించారు. చివరికి పద్నాలుగు అని దిద్దారు.

తర్వాత మార్కుల కాగితం అడిగారు. గణితం దగ్గర బొటనవేలు ఉంచి ఇచ్చాను.

"వేలు తియ్యండమ్మా."

తీశాను. చెవులు వేడెక్కాయి. బాబాయి కూర వేసుకోమంటున్నట్టే ఉంది.

"అబ్బ, పెద్ద లెక్కలా! మంచి పని చేశారు."

వెక్కిరిస్తున్నారేమో అనుకున్నాను. కాదు. కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పారు: "మేం ముందు చూసేది ఏం చదివారన్నది. ఎన్ని వచ్చాయన్నది ఆ తర్వాత. ఇంజనీరింగుకి పెద్ద లెక్కలు ఉండి తీరాలి, అందులో యాభై దాటాలి. అవి లేకపోతే చిన్న లెక్కల్లో నూటికి నూరు వచ్చినా కంప్యూటరే పక్కన పెట్టేస్తుంది, మా దాకా రానే రాదు. మిగతా కోర్సులకి కూడా అంతే, తేలిక సబ్జెక్టులో తొంభై కంటే కష్టమైనదాంట్లో డెబ్భైకి మేం విలువిస్తాం. ఏటా ఎంతమంది తల్లిదండ్రులు పిల్లల్ని చివర్లో మార్పించేసి, తర్వాత ఇక్కడికొచ్చి ఏడుస్తారో!"

ఏదో ఒకటి అనాలని, "మరి మేం రాసిన ఆ పేజీ?" అన్నాను.

"ఇద్దరు సరిసమానంగా నిలిస్తే అప్పుడు చదువుతాం. మీది చదవాల్సిన అవసరం పడలేదు."

"నాలుగు రోజులు రాశాను మేడమ్!"

"మీకు సీటు వచ్చిందమ్మా" అన్నారు. "చేరేదీ లేనిదీ శుక్రవారం అయిదు లోపల సంతకం పెట్టి చెప్పండి."

బయటికొచ్చి, డ్రైవరు సీట్లో కూర్చుని స్టీరింగు పట్టుకున్నాను. కళ్ళ ముందు మసక. అలా బండి తియ్యకూడదు కాబట్టి తుడుచుకునేదాకా ఆగాను. పద్నాలుగేళ్ళలో మొదటిసారి మూడు నిమిషాలు లేటు. కండక్టరు హారను జోలికి రాలేదు. "ఏమైందక్కా?" అన్నాడు. నాకు వచ్చిన సీటు గురించి చెప్పాలా, నేను చెయ్యి పట్టి చిన్న లెక్కల్లోకి తోసిన నా కూతురి గురించి చెప్పాలా? ఎల్లుండి దాటితే దానికి వంతెన లేదు. నా సంతకంతో.

డిపో నుంచే అక్కకి మళ్ళీ ఫోను చేశాను. ఇలాగట అక్కా అన్నాను.

"నాకు తెలుసే" అంది. "తొంభై ఒకటి వచ్చిందని నేనూ అప్లికేషను పెట్టాను. ఇంజనీరింగుకే. చిన్న లెక్కలని పక్కన పెట్టేశారు. అప్పటికే నాన్న ఫ్రేము కట్టించేశాడు. ఎలా చెప్పను?"

"నాకైనా చెప్పచ్చు కదే!"

"నువ్వు యాభై ఎనిమిది అని కుమిలిపోతున్నావు. నేను తొంభై ఒకటి అని మురిసిపోతున్నట్టు నటిస్తున్నాను. ఎవరు ఎవరికి చెప్పాలే?"

ఇద్దరం ఏడ్చాం. మధ్యలో అది "ఏమే ఇంజనీరు గారూ" అంది. ఇద్దరం నవ్వేశాం.

గురువారం, 23

పూట సెలవు పెట్టి, డ్యూటీ బట్టల్లోనే బడికి వెళ్ళాను. కాగితం వెనక్కి తీసుకోవాలంటే ఇద్దరి సంతకాలూ ఉండాలన్నారు. క్లాసు నుంచి లాయరుని పిలిపించారు. వరండాలో నన్ను చూసి గాభరా పడింది. "నాన్నకేమైంది?"

"నాన్నకేం కాలేదు. నాకే బుద్ధి వచ్చింది. తప్పు నాదేనే."

"మళ్ళీ చెప్పు. రికార్డులో ఎక్కాలి."

దాని నోరు తిరిగొచ్చింది! అక్కడే బల్ల మీద కూర్చోబెట్టి అన్నీ చెప్పాను. కిటికీ, నంబరు, కిలోమీటర్లు, కళ్ళద్దాల మేడమ్. ఇరవై అయిదేళ్ళుగా ఎవరికీ చూపించని కాగితం తీసి దాని చేతిలో పెట్టాను. ఎంత సేపు చూసిందో!

"అమ్మా, నీకు నాకన్నా ఆరు ఎక్కువ వచ్చాయి" అంది.

నాకు ఆ మాట ఎవరూ అనలేదు. ఎవరైనా ఒక్కరు అప్పుడే అని ఉంటే ఎంత బాగుండేది!

అది కలం తీసుకుంది, సంతకం మాత్రం పెట్టదు. "షరతు ఉంది. నేనిక్కడ పెడితే, నువ్వు రేపు అక్కడ పెట్టాలి."

"నాకెందుకే ఇప్పుడు చదువు? నంబరు కోసం..."

"అమ్మా. రికార్డు నడుస్తోంది."

సరేనన్నాను. పెద్దగా బతిమాలించుకోలేదని ఇక్కడ ఒప్పుకుంటున్నాను. నాకు కావాలి. నిన్నటి నుంచీ కావాలి. నిన్నటి నుంచేనా?

శుక్రవారం, 24

పెట్టాను. తిరిగొచ్చేసరికి కండక్టరు బస్సంతా టముకు వేసేశాడు. జనం చప్పట్లు. స్టాపు దాటిపోయిన ఆ పెద్దాయన కూడా ఉన్నాడట, ఆయన ఓటు మార్కుల కిందే వేసుకోమన్నాడట. తప్పు ఓటే. అయినా వేసుకోమన్నాను.

సోమవారం, 3, కొత్త నెల

మొదటి సాయంత్రం క్లాసు. రెండో వరసలో కూర్చున్నాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఎంత బాగుందో!

శనివారం, 22

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి లాయరు బల్ల ముందు బిగుసుకుని కూర్చుని ఉంది. ఎదురుగా లెక్కల రెండో పరీక్ష కాగితం, బోర్లించి. ఈయన మమ్మల్ని చూసి, ఎవరిదో ఫ్రిజ్ గుర్తొచ్చినట్టు బయటికి జారుకున్నారు.

"ఎంత?" అన్నాను.

"నలభై ఆరు."

యాభై రెండు నుంచి నలభై ఆరా! యాభై దాటాలన్నారు కదా! పక్కింటి పిల్లకి తొంభై ఏడట, మెట్ల మీదే చెప్పింది వాళ్ళమ్మ. నోటిదాకా వచ్చిన మాటని బలవంతాన మింగాను. మింగి, నా సంచీలోంచి నా క్లాసు పరీక్ష కాగితం తీసి దాని పక్కన పెట్టాను. నాకూ నిన్ననే ఇచ్చారు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

నలభై ఒకటి.

లాయరు రెండు కాగితాలూ మార్చి మార్చి చూసింది. తర్వాత చెయ్యి గడ్డం కింద పెట్టుకుని, అచ్చం నా గొంతుతో, ఎంతో ప్రేమగా అడిగింది.

"పోనీ, చిన్న లెక్కలకి మారతావా తల్లీ?"

నవ్వి నవ్వి నాకు పొలమారింది. అది మంచినీళ్ళిచ్చి వీపు రాసింది. ఇక చాల్లే, మూడో లెక్కలో నువ్వెక్కడ తప్పావో చూపించు, నేనూ నా మూడో లెక్కలోనే తప్పాను అన్నాను. కుర్చీ నా పక్కకి లాక్కుంది.